హైదరాబాద్ ఆఫీసులో చేరుతున్నారా? మీటింగులో మౌనాన్ని నమ్మకండి

చాలా ఏళ్లు విదేశాల్లో ఉండి, ఇప్పుడు హైదరాబాద్ ఆఫీసుల్లో పెద్ద హోదాల్లో చేరుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది. ఇల్లు ఎక్కడ తీసుకోవాలో, పిల్లల్ని ఏ బడిలో వేయాలో చెప్పడానికి మీకు బంధువులు ఉన్నారు. వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది.

మా పిన్ని కొడుకు టెక్సస్ నుంచి వచ్చి నానక్‌రామ్‌గూడలో చేరాడు. మొదటి వారమే అందరినీ కూర్చోబెట్టి, ‘ఈ తేదీకి పని పూర్తవుతుంది కదా, ఎవరికైనా అభ్యంతరమా?’ అని అడిగాడు. ఎవరూ నోరు మెదపలేదు. అందరూ ఒప్పుకున్నారని అమెరికాకు మెయిల్ పంపేశాడు. ఆ తేదీకి కాదని సగం మందికి తెలుసు. కిందికి దిగి చాయ్ బండి దగ్గర వాళ్లు మాట్లాడుకున్నది అదే.

‘తెలిసీ ఎందుకు చెప్పలేదు?’ అని వాడికి కోపం. ఎందుకు చెబుతారు? చాలా ఐటీ కంపెనీల్లో నోటీసు గడువు మూడు నెలలు. వేరే చోట చేరాలంటే పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ ఇవ్వాలి, వెరిఫికేషన్‌కు ఫోను వస్తే నాలుగు మంచి మాటలు చెప్పాలి. నెల తిరిగేసరికి ఇంటి అప్పు వాయిదా కట్టాలి. అప్రైజల్‌లో రేటింగ్ ఇచ్చేది ఆ మేనేజరే. సంస్థ నచ్చనివాడు గొంతు విప్పుతాడు, లేదా వెళ్లిపోతాడు అని ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో రాశాడు. ఇక్కడ వెళ్లిపోయేవాడు కూడా హెచ్ఆర్‌తో ‘వ్యక్తిగత కారణాలు’ అని చెప్పి, నవ్వుతూ ఫొటో దిగి పోతాడు.

భయం కంటే నన్ను ఎక్కువ విసిగించింది, చెప్పి ఏం లాభమన్న నిస్పృహ. నేను చేరిన కొత్తలో టెస్టింగ్ చేసే ఒకమ్మాయి పట్టుకున్న లోపాన్ని పై మేనేజరు ‘తర్వాత చూద్దాం’ అని పక్కన పెట్టాడు. ఆమె చెప్పడం మానేసింది. ఆమెను చూసి పక్కవాళ్లూ మానేశారు. ఇక ప్రతి శుక్రవారం రిపోర్టులో అంతా సవ్యం, సోమవారం క్లయింటు కేకలు. చెడ్డ వార్త వినడానికి మేనేజర్లు భయపడటమే ఈ మౌనానికి పెద్ద కారణమని మారిసన్, మిలికెన్ అనే పరిశోధకులు 2000లోనే అన్నారు. ఈ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడి ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం 2009 జనవరి 7న ఛైర్మనే లేఖ రాసి ఒప్పుకుంటే గానీ లోకానికి తెలియలేదు.

కాబట్టి అందరి ముందు ‘అభ్యంతరమా’ అని అడగకండి, దయచేసి. విడివిడిగా పిలిచి, ‘ఈ పని ఎక్కడ ఆగిపోవచ్చు?’ అని అడగండి. జూనియర్లతో మొదలుపెట్టండి, సీనియర్ మాట్లాడాక వాళ్లు మాట్లాడరు. విన్నదాని మీద ఏదో ఒకటి చేయండి, చేయలేకపోతే ఎందుకో చెప్పండి. మధ్యాహ్నం క్యాబిన్‌లో ఒంటరిగా తినకండి. అన్నిటికంటే ముఖ్యం, చెప్పినవాళ్ల పేరు పైవాళ్ల దగ్గర ఎత్తకండి. మెచ్చుకోవడానికైనా సరే. ఒక్కసారి పేరు బయటపడితే మొత్తం టీమ్ నోరు కట్టుకుంటుంది. (లైంగిక వేధింపుల సంగతి వేరు. పది మంది, అంతకు మించి ఉన్న ఆఫీసులో 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాల్సిందే, అక్కడికే పంపండి.)

సరే, మరీ బెదరగొట్టినట్టున్నాను. కుదురుతుంది లెండి. నమ్మకం కలిగాక ఇక్కడివాళ్లు చెప్పినంత సూటిగా అమెరికాలో నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు మా టీమ్‌లో నా తేదీల మీద గొడవ జరగని వారం లేదు. ఒక్కోసారి ఆ పాత మౌనమే నయమనిపిస్తుంది కూడా.