సిరిమానోత్సవం టీషర్టులు: బొమ్మను ప్రింటుకు పంపే ముందు

దసరా తర్వాత వచ్చే మంగళవారమే విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. యువజన సంఘాల టీషర్టుల హడావుడి మొదలయ్యే వేళ ఇది. గుడ్డ మీద నేరుగా ముద్రించే డీటీజీకి బొమ్మ పంపే ముందు ఇవి చూసుకోండి.

– తెలుగు అక్షరాలను ఫాంటుగా వదలకండి, అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటు అవసరం లేని గీతల ఆకారాలుగా మార్చండి. ముద్రించేవారి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే ఒత్తులు విడిపోతాయి. ‘పైడితల్లి’లో ల ఒత్తు ఊడి పక్కన పడితే ఆ లాటంతా వృథా, అమ్మవారి పేరు తప్పుగా ఉన్న చొక్కా ఎవరూ వేసుకోరు. మార్చాక మరొకరితో అక్షరం అక్షరం చదివించండి.

– నల్ల టీషర్టుకైతే నేపథ్యం పూర్తిగా తీసేసి, ఆ ఖాళీని ఖాళీగానే ఉంచే పీఎన్‌జీ ఫైలుగా ఇవ్వండి. ముదురు గుడ్డపై రంగుల కింద తెల్ల ఇంకు పడుతుంది, అందుకే మసక నీడలు, పొగలాంటి అంచులు తెల్లటి మరకల్లా తేలతాయి. బొమ్మలోని నలుపునూ తీసేయవచ్చు, గుడ్డే ఆ నలుపు ఇస్తుంది.

– 12 అంగుళాల వెడల్పుకు 3600 పిక్సెళ్లు ఉంటే మంచిది. చిన్న బొమ్మను సాగదీస్తే మసకే. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి.

– గుడ్డ పూర్తి నూలుదేనా అని అడగండి. పాలిస్టర్‌పై ఈ ఇంకు సరిగా పట్టదు.

– ఫోను తెరపై మెరిసే నియాన్ రంగులు గుడ్డపై రావు. ముందు ఒక్కటి వేయించి పగటి వెలుగులో చూడండి.