బెదిరే గుర్రాన్ని బారాత్‌కు తీసుకెళ్లే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

మాఘమాసపు ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి. ఇటీవల హనుమకొండలో ఒక బారాత్ ఫంక్షన్ హాలు గేటు దాటుతుండగా డీజే ఒక్కసారిగా మోగడంతో గుర్రం వెనక్కి తిరిగి పరుగు తీసింది. దాన్ని పట్టుకున్న కుర్రవాడు పగ్గాన్ని అరచేతికి చుట్టుకొని ఉన్నాడు. గుర్రం అతన్ని తారురోడ్డు మీద చాలా దూరం ఈడ్చుకుపోయింది, రెండు వేళ్లు పోయాయి. మేత, నీరు, నాడాల సంగతి గుర్రాలు పెంచేవారికి ఒకరు చెప్పనక్కరలేదు కాబట్టి వాటి జోలికి పోకుండా ముందుగా ఆ పగ్గం గురించి, తరువాత బెదురు గురించి రాస్తున్నాను.

పగ్గాన్ని చేతికి చుట్టుకోకూడదు. పెళ్లిళ్లలో నడిచే గుర్రం సాధారణంగా మూడు నాలుగు వందల కిలోల బరువు ఉంటుంది. అది నిజంగా పారిపోదలచుకుంటే నలుగురు మగవాళ్లు కలిసినా ఆపలేరు. చుట్టుకుంటే పట్టు బాగా దొరుకుతుందన్నది భ్రమ. గుర్రం లాగిన కొద్దీ చుట్టు దానంతటదే బిగుసుకొని, పిడికిలి విప్పుదామన్నా విచ్చుకోదు. సరైన పద్ధతి ఇది: గుర్రానికి ఎడమవైపు, దాని భుజానికి సమీపంలో ఒక చెయ్యి ఎడంగా నిలబడి, దవడ కింద జానెడు దూరంలో పగ్గాన్ని కుడిచేత్తో పట్టుకోవాలి. మిగిలిన తాడును వలయంగా చుట్టకుండా ముందుకూ వెనక్కూ మడతలు పెట్టి, ఆ మడతల నడిమి భాగాన్ని ఎడమ పిడికిట్లో ఉంచుకోవాలి. గుర్రం ఎగిరితే మడతలు ఒకదాని తరువాత ఒకటి జారిపోతాయి, చెయ్యి మాత్రం మిగులుతుంది. నడుముకు కట్టుకోవడం, భుజం మీదుగా వేసుకోవడం కూడా ఇదే తప్పు.

కుర్రవాళ్లు తాడు ఎందుకు చుట్టుకుంటారో యజమానులు ఆలోచించాలి. గుర్రం తప్పించుకుంటే జీతం కోస్తామని బెదిరించడం వల్లనే చాలామంది ప్రాణం మీదికి వచ్చినా వదలరు. పరిస్థితి చెయ్యి దాటితే వదిలెయ్యమని, వదిలినందుకు ఒక్క మాట కూడా అననని సీజన్ మొదలుకాక ముందే వాళ్లకు స్పష్టంగా చెప్పండి.

ఇక బెదురు. గుర్రం కళ్లు తలకు ఇరుపక్కలా ఉండడం వల్ల దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు గానీ, నుదుటికి ఎదురుగా కొంత భాగమూ, తోక వెనుక భాగమూ దానికి కనిపించవు. పైగా వెలుతురులోంచి చీకటిలోకి వెళ్లినప్పుడు దాని కళ్లు సర్దుకోవడానికి మన కళ్ల కంటే ఎక్కువ సమయం పడుతుంది. దీపాల వెలుగులోంచి చీకటి సందులోకి తిప్పగానే గుర్రం నిలిచిపోతే దాన్ని మొండితనమని కొట్టడం అన్యాయం. కాసేపు నిలబెట్టి, తల దించాక కదిలించాలి.

"నిన్న బాగానే నడిచింది, ఇవాళ ఏమొచ్చింది" అనే మాట తరచుగా వింటాను. నిన్న ఒకలా, నేడు ఒకలా ఉండే గుర్రానికి ముందు శిక్షణ కాదు, పరీక్ష కావాలి. జీను కింద వీపు మీద అరచెయ్యి గట్టిగా నొక్కుతూ పోతే పుండో వాపో ఉన్నచోట గుర్రం వీపును కిందికి వంచుతుంది, చెవులు వెనక్కి పెడుతుంది. పళ్ల అంచులు బుగ్గలను కోస్తున్నాయా, కళ్లెం నోటి మూలలను చీల్చిందా, గిట్టలో మేకు గుచ్చుకుందా, ఒక కంట్లో పొర వచ్చిందా అన్నవి పశువైద్యుడితో చూపించుకోవాలి. నొప్పి లేదని తేలితే, భయాలు పోగుపడుతున్నాయని అర్థం చేసుకోవాలి. వేళకు మేత తప్పింది, వ్యాన్ ప్రయాణం కుదిపింది, కొత్త కుర్రవాడు పట్టుకున్నాడు, ఆపైన టపాసు పేలింది. చివరిది చిన్నదే అయినా కుండ నిండిపోతుంది.

అలవాటు చేయడం కనీసం మూడు వారాల ముందే మొదలుపెట్టండి. డీజే శబ్దాన్ని మొదట దూరంగా, తక్కువ స్థాయిలో, గుర్రం మేస్తున్నప్పుడు వినిపించాలి. చెవులు అటు తిప్పి మళ్లీ మేతలో పడితే సరిపోయింది. తల ఎత్తి, కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూస్తే దగ్గరికి తెచ్చారని అర్థం, వెనక్కి తగ్గండి. గుర్రం ప్రశాంతంగా ఉన్నప్పుడే శబ్దాన్ని ఆపాలి, భయపడుతున్నప్పుడు కాదు. మెరిసే గొడుగు, జరీ గుడ్డ, కాగితాల వాన అన్నీ ఎడమవైపూ కుడివైపూ విడివిడిగా చూపించాలి. కట్టేసి భయపెట్టి అలవాటు చేసే పద్ధతి వద్దు. భయంలో కొట్టిన దెబ్బ ఆ శబ్దంతో ముడిపడి, రెండోసారికి బెదురు రెట్టింపవుతుంది.

ముళ్ల కళ్లెం వాడకం 1965 నాటి పశువులపై క్రూరత్వ నిరోధక నిబంధనల ప్రకారం నిషిద్ధం. వైశాఖ ముహూర్తాలకు ఇంకో విషయం: 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పశువును పనికి వాడకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. మన వరంగల్ ఎండల్లో ఆ గీత ఎప్పుడో దాటిపోతుంది.

బారాత్ రోజున ఇవి పాటించండి.

పగ్గం చేతికి చుట్టుకోవద్దు.

సౌండ్ బాక్సులు గుర్రానికి ముందు ఉండాలి, వెనుక ఉండకూడదు. ఈ మాట డీజే వాళ్లతో ఫోన్‌లో కాదు, హాలు దగ్గర ఎదురుగా మాట్లాడుకోండి.

టపాసులు పెళ్లికొడుకు గుర్రం దిగాకే.

పెళ్లికొడుకు పాదం రికాబులో వేళ్ల మొదలు వరకే ఉండాలి. మడమ దాకా దూరితే పడినప్పుడు వేలాడిపోతాడు. తోడు పెళ్లికొడుకును గుర్రం మీద గుడ్డతో కట్టవద్దు.

వెనుక నుంచి ఎవరినీ రానివ్వవద్దు, ఫొటో కోసమైనా సరే.

తాగినవాడి చేతికి పగ్గం ఇవ్వవద్దు, వాడు పెళ్లికొడుకు మేనమామ అయినా సరే.

కట్టాల్సి వస్తే కదలని స్తంభానికి, తాడు కొస లాగితే ఊడే ముడితో కట్టండి. గేటుకు, బైకుకు కట్టవద్దు.

గాయమైతే, అది మనిషికైనా గుర్రానికైనా, ధనుర్వాతం ఇంజెక్షన్ ఆ రోజే చేయించండి.

కొత్త కుర్రవాడి చేతులు బయలుదేరే ముందు మీరే చూడండి. తాడు చుట్టు కనిపిస్తే విప్పించండి, మళ్లీ చుట్టుకుంటే ఆ రాత్రి అతన్ని గుర్రం దగ్గరికి పంపవద్దు.

గుర్రం నిజంగా తప్పించుకుంటే వెంట పరుగెత్తవద్దు, కేకలు వేయవద్దు. డీజే ఆపించి, జనాన్ని పక్కకు జరిపించి, దానికి అలవాటైన మనిషి ఒక్కడే ఉలవల గిన్నెతో నెమ్మదిగా వెళ్లాలి.