ఏ చెట్టో తెలియని మొద్దును పొయ్యి కట్టెలుగా చీల్చడం ఎలా?

వేసవి గాలివానకు చేనుగట్టు మీది చెట్టు కూలుతుంది. కొమ్మలు ఎవరో నరికి తీసుకుపోతారు, ఆకులు మేకలు తింటాయి, మొద్దు గట్టునే మిగిలిపోతుంది. నాలుగు నెలలు గడిస్తే అది ఏ చెట్టో చెప్పేవారుండరు. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. పొయ్యిలో పెట్టదగినదా, గొడ్డలికి లొంగుతుందా అన్నవి తేలితే చాలు.

ముందు కాల్చకూడనివి పక్కన పెట్టండి. గన్నేరు నిలువెల్లా విషమే, దాని పొగ కూడా పీల్చకూడదు. జెముడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. నల్లజీడి సొన తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. అందుకే తెలియని పచ్చి మొద్దు నుంచి పాలో, గాలి తగలగానే నల్లబడే సొనో కారుతుంటే ముట్టకండి. ఈ జాగ్రత్త వల్ల, పాలు కారే ఒక మర్రి మొద్దు పోయినా నష్టమేమీ లేదు.

తరువాత రంపంతో ఒక కొస కోసి, తాజా కోతను చూడండి. మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల్లో గట్ల మీద దొరికేది చాలావరకు సర్కారు తుమ్మే: పలుచని పసుపు అంచు, లోపల ఎర్రగోధుమ రంగు చేవ, చేతికి మంచి బరువు. పొయ్యికి ఇంతకన్నా మంచి కట్టె లేదని నా అభిప్రాయం. ముళ్లు మాత్రం చెప్పుల్లోంచి కూడా దిగుతాయి. బెరడు నల్లగా, లోతుగా పగిలి, బంక అంటుకొని ఉంటే నల్లతుమ్మ. అదీ బాగా మండుతుంది. ఆకు ఏదైనా మిగిలి ఉండి, నలిపితే ఘాటుగా మందు వాసన వేస్తే నీలగిరి. తేలికగా, మెత్తగా ఉన్నది మునగో మోదుగో కావచ్చు, రాజేయడానికి తప్ప పనికిరాదు.

అసలు పరీక్ష చింత దగ్గర. వెడల్పాటి పాలిపోయిన పైచెక్క, నడుమ చిన్నగా, ముదురు ఊదా రంగులో చేవ కనిపిస్తే అదే. పీచు ఒకదానిలో ఒకటి మెలిపడి ఉంటుంది కాబట్టి గొడ్డలి దిగి ఇరుక్కుంటుందే గాని మొద్దు విడదు. మాంసం దుకాణాల్లో నరకడానికి చింతమొద్దు పెట్టుకునేది ఇందుకే. దాన్ని నడిమధ్య కొట్టకండి. అంచు నుంచి చెక్కలు చెక్కలుగా తీస్తూ లోపలికి రండి.

మిగతావాటిని అడుగున్నర ముక్కలుగా కోసి, వెడల్పాటి దిమ్మె మీద నిలబెట్టండి. కొసన సహజంగా పడ్డ పగులు ఎటు పోతోందో అటే దెబ్బ పడాలి. కణుపులు, పంగలు ఉన్నచోట కొట్టి లాభం లేదు. పగులు నోరు తెరిచాక, మొన పలుచగా తల మందంగా ఉండే ఇనుప మేకు పెట్టి సమ్మెటతో దించండి. గొడ్డలి వీపు మీద మాత్రం సమ్మెట వేయకండి, పెచ్చు ఎగిరితే కన్ను పోతుంది. ముక్కను ఇంకొకరిని పట్టుకోమనడం కూడా వద్దు.

నిలబడి ఉన్న చెట్టు సంగతి వేరు. సొంత పొలంలోదైనా కొట్టే ముందు, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలేమో అటవీ శాఖ వారిని అడగండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో పడిపోయిన చెట్టు జోలికి కూడా పోవద్దు.

చీల్చిన కట్టెలను నేల మీద కాకుండా రాళ్లపై, గాలి ఆడేలా పేర్చండి. రెండు కట్టెలు తాటిస్తే ఖణేల్‌మనాలి. మందకొడిగా మోగితే ఇంకా పచ్చి ఉన్నట్టే. జూన్ వానలకు ముందే పైన రేకు కప్పి, పక్కలు తెరిచి ఉంచండి.