బెంగళూరు పెరటికి ద్రాక్ష తీగ, పండ్ల పొదలు: ఎంపిక చేసుకునే పద్ధతి

అనంతపురం నుంచో, చిత్తూరు నుంచో, హైదరాబాదు నుంచో వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సొంత ఇల్లు కట్టుకోగానే ప్రహరీ లోపల మిగిలిన కొద్దిపాటి నేలలో పండ్ల మొక్కలు పెట్టాలని ఉత్సాహపడటం సహజం. ఆ ఉత్సాహంలో నర్సరీకి వెళ్లి, మొక్కకు కట్టిన చీటీ మీది రంగుల బొమ్మ చూసి బ్లూబెర్రీనో, రాస్ప్‌బెర్రీనో, బ్లాక్ కరెంట్‌నో తెచ్చి నాటుతారు. మూడేళ్లు నీళ్లు పోసినా ఒక్క పండు కనిపించకపోతే తమ చెయ్యి మంచిది కాదేమోనని బాధపడతారు. నిజానికి ఆ మొక్కలలో చాలావాటికి ఈ ఊరి చలి చాలదు.

బెంగళూరు చల్లని ఊరని మనం చెప్పుకుంటాం గాని, శీతల దేశాల పండ్ల మొక్కల లెక్క వేరు. అవి ఆకు రాల్చి నిద్రించి, మళ్లీ మేల్కొని పూయడానికి సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిలో కొన్ని వందల గంటలు గడపాలి. బెంగళూరులో ఇప్పటివరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది కూడా 1884 జనవరిలో. అంటే ఆ లెక్కన ఈ ఊరు ఒక్క గంట చలిని కూడా ఇవ్వలేదన్న మాట. బ్లాక్ కరెంట్ వంటి పొదలు, ఐరోపా గూస్‌బెర్రీ పొదలు ఇక్కడ ఆకులతో బతకవచ్చు గాని కాపు కాయవు. మన బజారులో గూస్‌బెర్రీ పేరుతో అమ్మే ఉసిరి, రాచ ఉసిరి వేరే జాతి చెట్లు. అవి ఇక్కడ బాగా కాస్తాయి కనుక పేరు చూసి పొరబడకుండా ఆకు చూసి కొనాలి.

బ్లూబెర్రీలో తక్కువ చలి చాలే బిలాక్సీ, మిస్టీ వంటి రకాలు దొరుకుతున్నాయి. అయితే వాటి వేళ్లకు 4.5 నుంచి 5.5 వరకు పీహెచ్ ఉన్న ఆమ్ల నేల కావాలి. మన ఇళ్లలోని బోరు నీటిలో సున్నం ఎక్కువ కాబట్టి, కుండీలో ఎంత జాగ్రత్తగా కొబ్బరి పొట్టు నింపినా కొన్ని నెలలకే ఆమ్లగుణం తగ్గి, ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి పసుపు పడతాయి. వాన నీరు పట్టి నిల్వ చేసుకునే ఏర్పాటు ఉన్నవారు తప్ప మిగిలినవారు దీనిని తొలి మొక్కగా ఎంచుకోకపోవడం మంచిదని నా అభిప్రాయం.

ద్రాక్షకు ఆ చలి లేకపోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే ఇక్కడ దానిని మనమే కత్తిరింపుతో నిద్ర లేపుతాం. అయినా రకం ఎంపికలో నేను స్వయంగా పొరపాటు చేశాను. హైదరాబాదులో పెరిగినవాళ్లకు ద్రాక్ష అంటే అనాబ్-ఎ-షాహీయే. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ ఆ నగరానికి తెచ్చిన, పొడుగాటి లేత పచ్చ పండ్ల రకం అది. ఆ జ్ఞాపకంతో ఇక్కడ కూడా దానినే నాటి, పందిరి నిండా పాకించి, మూడో ఏట అక్టోబరు మొదటి వారంలో కత్తిరించాను. చిగురు జానెడు పెరిగేసరికి ముసురు పట్టింది. ఆకుల మీద నూనె మరకల వంటి పసుపు మచ్చలు, వాటి అడుగున తెల్లని బూజు కనిపించిన వారం రోజులలోనే పూగుత్తులన్నీ గోధుమ రంగుకు తిరిగి రాలిపోయాయి. ఆ ఏడు పందిరి కింద నిలబడి చూసిన దృశ్యాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేదు.

బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వానలు జోరుగా ఉంటాయి. పండు ఫిబ్రవరి, మార్చి నెలల పొడి ఎండలో తీపెక్కాలంటే పంట కత్తిరింపు అక్టోబరులో చేయాలి. కాబట్టి లేత చిగురు వాన తడిలో పడక తప్పదు. తోటల రైతులు కొద్ది రోజులకొకసారి మందు కొట్టి పంటను కాపాడుకుంటారు. పిల్లలు ఆడుకునే పెరట్లో మనం అలా చేయలేము, చేయకూడదు కూడా. అందువల్ల బూజు తెగులుకు సులువుగా లొంగే అనాబ్-ఎ-షాహీనీ, థామ్సన్ సీడ్‌లెస్‌నూ వదిలి, ఆ తెగులు పూర్తిగా తప్పకపోయినా మచ్చలు తెచ్చే పక్షికన్ను తెగులునైనా తట్టుకునే బెంగళూరు బ్లూను తొలి తీగగా ఎంచుకోవాలని గట్టిగా చెబుతాను. చిక్కబళ్లాపురం, కోలారు, బెంగళూరు గ్రామీణ జిల్లాలలో విస్తారంగా పండే ఈ రకానికి 2013లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పండు గుండ్రంగా, ముదురు ఊదా రంగులో, పైన తెల్లని పొడి పట్టినట్టు ఉంటుంది, మందపాటి తోలు నొక్కగానే గుజ్జు నుంచి జారిపోతుంది, లోపల గింజలుంటాయి. గింజ లేని ద్రాక్షకు అలవాటుపడిన పిల్లలు మొదట పెదవి విరుస్తారు. కాని ఆ వాసన, రసం తీసినప్పుడు వచ్చే ఆ రంగు బజారులో అమ్మే పచ్చ ద్రాక్షకు లేవు.

గింజ లేనిదే కావాలనుకునేవారు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన సంకర రకాలను విచారించవచ్చు. వాటిలో అర్క నీలమణి బ్లాక్ చంపా, థామ్సన్ సీడ్‌లెస్‌ల సంకరం. నల్లని పండు, గింజ ఉండదు. అర్క శ్యామ్ బెంగళూరు బ్లూ, బ్లాక్ చంపాల సంతానం. దానికి గింజ ఉంటుంది. మొక్కను ఆ సంస్థలోనో, ప్రభుత్వ ఉద్యాన నర్సరీలోనో తీసుకుంటే రకం మారిపోయే భయం తక్కువ. నీటిలో ఉప్పు శాతం ఎక్కువగా ఉన్న ప్రాంతాలవారు ఉప్పును తట్టుకునే డాగ్‌రిడ్జ్ అనే ద్రాక్ష రకం వేరు మీద కట్టిన అంటును అడగాలి. బెంగళూరు బ్లూకు మాత్రం అంటు తప్పనిసరి కాదు. ఎరిగినవారి తీగను కత్తిరించినప్పుడు పెన్సిలు మందం ముదురు కొమ్మను మూడు నాలుగు కణుపులతో తెచ్చి గుచ్చినా వేరు పోసుకుంటుంది.

తీగకు చోటు చూసేటప్పుడు ఎండను కొలవాలి. ఏప్రిల్‌లో చేసే మొదటి కత్తిరింపులో ప్రతి కొమ్మకు ఒకటి రెండు కన్నులు, అంటే చిగురు పుట్టే మొగ్గలు, మాత్రమే ఉంచుతాం. ఆ తరువాత వచ్చే కొత్త కొమ్మల కన్నులలో దాదాపు 40 నుంచి 60 రోజుల మధ్య వచ్చే ఏటి గుత్తులు రూపుదిద్దుకుంటాయి. ఆ మే, జూన్ నెలలలో పక్క అపార్ట్‌మెంటు నీడ పందిరి మీద పడితే, తీగ ఎంత ఏపుగా పెరిగినా గుత్తులు రావు. కాబట్టి రోజుకు కనీసం ఆరేడు గంటల ఎండ తగలని చోట ద్రాక్ష పెట్టే ఆలోచన మానుకోవాలి. రెండడుగుల గొయ్యి తీసి, ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, వేప పిండి కలిపి నింపి, జూన్, జూలై నెలలలో నాటండి. మేడ మీదయితే వంద లీటర్లకు తగ్గని డ్రమ్ము కావాలి. ఒకే కాండాన్ని కర్రకు కట్టి ఏడడుగుల ఎత్తున్న పందిరి దాకా తీసుకువెళ్లి, అక్కడ కొస తుంచి, రెండు చేతులుగా విడదీసి పాకించాలి. అక్టోబరు కత్తిరింపులో పెన్సిలు మందం కొమ్మలకు నాలుగైదు కన్నులు వదలాలి. బెంగళూరు బ్లూతో రైతులు ఏడాదికి రెండు పంటలు తీస్తారు గాని, వానలలో పండే పంట పగిలి కుళ్లుతుంది కనుక ఇంటి తీగకు ఒక్క పంట చాలు. కత్తిరింపు అయిన వెంటనే తెగుళ్లను అదుపు చేసే ఒక శాతం బోర్డో మిశ్రమం ఒకసారి కొట్టాలి. లీటరు నీటికి పది గ్రాముల మైలుతుత్తం, పది గ్రాముల సున్నం విడివిడిగా ప్లాస్టిక్ పాత్రలలో కరిగించి కలపాలి. ద్రాక్ష కోశాక పండదు కనుక, రంగు వచ్చినంత మాత్రాన కోయకుండా గుత్తి కొసనున్న పండును రుచి చూసి కోయాలి. అప్పటిదాకా పక్షుల నుంచి వల కప్పి కాపాడాలి.

పొదల విషయానికి వస్తే, కంబళి పండు, అంటే మల్బరీ, అందరికంటే ముందు నిలుస్తుంది. ఇది పట్టుపురుగుల సీమ కనుక కొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి. కాని అవి ఆకు కోసం ఎంపిక చేసిన రకాలు. పైగా మల్బరీలో మగ మొక్కలు కూడా ఉంటాయి. పండ్లు కాస్తుండగా మీరు కళ్లారా చూసిన చెట్టు కొమ్మనే తెచ్చి గుచ్చండి. నేల మీద మరకలు పడతాయి కాబట్టి కారు నిలిపే చోటికి, బట్టలారేసే తీగకు దూరంగా ఉంచి, ఏటా ఛాతీ ఎత్తుకు కత్తిరించండి. కొత్త చిగురుతో పాటే పూత వస్తుంది.

ప్రహరీ వెంబడి ముళ్ల కంచె కావాలనుకునేవారికి వాక్కాయను మించినది లేదు. గింజ మొక్కలు ఒక్కొక్కటి ఒక్కో తీరున కాస్తాయి గాని, పప్పులోకి, పులిహోరలోకి ఏదైనా పనికొస్తుంది. బేకరీ కేకు మీద చెర్రీ పేరుతో కనిపించే ఎర్రని పండు తరచుగా చక్కెర పాకంలో ఊరిన వాక్కాయే. పిల్లలు నడిచే దారి పక్కన మాత్రం పెట్టవద్దు.

రాస్ప్‌బెర్రీ తప్పనిసరిగా కావాలంటే మైసూరు పేరుతోనే ప్రపంచానికి తెలిసిన మైసూర్ రాస్ప్‌బెర్రీని వెతకండి. పండితే నల్లబడే ఈ రకాన్ని గడ్డకట్టే చలి లేని దక్షిణ ఫ్లోరిడాలో కూడా పెరటి పంటగా పెంచుతారు. అది వంగిన కొమ్మ నేలను తాకిన చోటల్లా వేరు దింపుతుంది. హవాయిలో అడవులకు బెడదగా మారింది కూడా. అందుచేత దానిని పెద్ద కుండీకే పరిమితం చేసి, ఒకసారి కాసిన కొమ్మలను మొదలంటా కోసివేయాలి.

చోటు ఇంకా మిగిలితే ఒక ఫాల్సా పొద పెట్టండి. డిసెంబరు, జనవరి నెలలలో నడుము ఎత్తుకు కత్తిరిస్తే కొత్త కొమ్మల మీద పూసి వేసవిలో పండుతుంది. బఠాణీ గింజంత ఉండే ఆ ఊదా రంగు పండు కోసిన మర్నాటికే మెత్తబడిపోతుంది కనుక బజారులో మంచిది దొరకడం కష్టం. ఉదయం కోసిన దోసెడు పండ్లను ఆ మధ్యాహ్నమే పిసికి, వడగట్టి, చక్కెర, కాస్త నల్ల ఉప్పు కలిపి షర్బత్తు చేసుకోవాలి.