స్టాండప్ మీటింగ్‌లో ‘నిన్నే చేశాను’ అనాలంటే

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉండి వైట్‌ఫీల్డ్ ఆఫీసులకి వెళ్లే మనవాళ్లకి ఇంగ్లీషు భూతకాలం దగ్గర చిక్కొచ్చేది మన ‘చేశాను’ వల్లే. నిన్న చేసినా ‘చేశాను’, ఇప్పుడే చేసినా ‘చేశాను’. ఇంగ్లీషుకి అవి వేరు: ‘ఐ డిడ్’, ‘ఐ హావ్ డన్’.

అందుకే స్టాండప్‌లో, అంటే టీమంతా రోజూ చేసిన పని చెప్పుకునే చిన్న మీటింగ్‌లో, ‘ఐ హావ్ ఫిక్స్‌ట్ ద బగ్ యెస్టర్‌డే’ అనేస్తాం. అది తప్పు. వాక్యంలో ‘ఎప్పుడు?’ అన్నదానికి జవాబు ఉందేమో చూడండి. యెస్టర్‌డే, లాస్ట్ వీక్, టూ డేస్ అగో, ఇన్ 2022 లాంటి గడిచిపోయిన సమయం కనిపిస్తే హావ్ తీసేయండి: ‘ఐ ఫిక్స్‌ట్ ద బగ్ యెస్టర్‌డే’. సమయంతో పని లేదు, పని అయిందన్నదే ముఖ్యం అనుకుంటే హావ్ ఉంచండి.

ఇంటర్వ్యూలో ఇది ఇంకా ముఖ్యం. పాత కంపెనీ గురించి ‘ఐ హావ్ వర్క్ట్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’ అంటే ఇంకా అక్కడే ఉన్నారనుకునే ప్రమాదం ఉంది. మానేశారు కాబట్టి ‘ఐ వర్క్ట్ దేర్’. ఇప్పటి ఉద్యోగానికి మాత్రం ‘ఐ హావ్ వర్క్ట్ హియర్ సిన్స్ 2021’. ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్’ కాదు.

రాసేటప్పుడు చాలా క్రియలకి చివర ఈడీ చేర్చితే సరి. పలకడంలోనే ఉంది అసలు తేడా. ‘ఫిక్సెడ్’, ‘వాకెడ్’ అనకండి. క, ప, స, ష, చ, ఫ ధ్వనుల తర్వాత అది ‘ట్’: ఫిక్స్‌ట్, వాక్ట్. ట, డ తర్వాతే ‘ఇడ్’: వాంటిడ్, నీడిడ్. మిగతావాటికి ‘డ్’: కాల్డ్, ప్లేడ్. గో–వెంట్–గాన్, రైట్–రోట్–రిటన్ లాంటివి మూడు రూపాలూ కలిపి బట్టీ పట్టాల్సిందే. పుట్, కట్ మారవు. రీడ్ స్పెల్లింగ్ మారదు గానీ భూతకాలంలో ‘రెడ్’ అని చదవాలి.

డిడ్ వచ్చిందంటే భూతకాలం అక్కడే తీరిపోయింది, క్రియ మొదటి రూపానికి వచ్చేస్తుంది: ‘ఐ డిడ్ నాట్ గో’. ‘డిడ్ నాట్ వెంట్’ అంటే ఒకే టికెట్టు రెండుసార్లు కొన్నట్టు.

హాడ్‌ని ఊరికే వాడేస్తుంటాం. తెలుగులో ‘అప్పటికే’ అనగలిగితేనే వాడండి. ‘వెన్ ఐ రీచ్‌ట్ మెజెస్టిక్, ద బస్ హాడ్ లెఫ్ట్’: మెజెస్టిక్ బస్టాండుకి చేరేసరికే బస్సు వెళ్లిపోయింది. ఉత్త ‘లెఫ్ట్’ అంటే మీరు చేరాక కదిలిందని కూడా అర్థమవుతుంది. ‘ఐ హాడ్ గాన్ టు తిరుపతి లాస్ట్ వీక్’ అని ఆపేస్తే, ఆ తర్వాత ఏమైందో చెబుతారని అవతలివాళ్లు ఎదురుచూస్తారు. ‘వెంట్’ చాలు.

‘వండుతున్నాను, కరెంటు పోయింది’ లాంటి చోట జరుగుతూ ఉన్న పనికి వాజ్, ఐఎన్‌జీ: ‘ఐ వాజ్ కుకింగ్ వెన్ ద పవర్ వెంట్ ఆఫ్’. ‘తెలుసు’ అని చెప్పే నో క్రియకి ఇది పనికిరాదు. ‘ఐ వాజ్ నోయింగ్’ కాదు, ‘ఐ న్యూ’. ఇక ‘రోజూ వెళ్లేవాణ్ణి’కి ‘ఐ యూస్‌ట్ టు గో’.