లీటరు పెట్రోల్‌ను విప్పి చూడటం ఎలా: ఒక బంకు లెక్కలామె పద్ధతి

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద ఒక బంకులో 2004 నుంచి 2023 దాకా లెక్కలు రాశాను. ఆ రోడ్డు మీద బంకు నడపడమంటే చన్నీళ్ల స్నానం లాంటిది. యానాం పుదుచ్చేరిలో భాగం. అక్కడ పన్ను తక్కువ కాబట్టి లీటరు మా కంటే పది, పన్నెండు రూపాయలు తక్కువకే దొరుకుతుంది. మా బంకు ముందు నుంచే, మా వైపు చూడకుండా, ఖాళీ ట్యాంకులతో బళ్లు పోతుంటే పంతొమ్మిదేళ్లు చూశాను. అందుకని పెట్రోల్ రేటు మీద ఎవరు వాదన మొదలుపెట్టినా నా చెయ్యి కాలిక్యులేటర్ మీదకి పోతుంది.

వాదనలు ఎప్పుడూ మూడే. ప్రభుత్వం రేటు తన చేతిలో పెట్టుకోకుండా మార్కెట్‌కి వదిలేయాలి. పన్ను తగ్గించాలి. లేదా సబ్సిడీ ఇవ్వాలి. మా మరిది టాటా ఏస్ నడుపుతాడు. అతనికి ఈ మూడూ ఒకేసారి కావాలి. అలా కుదరదని చెప్పడానికి బిల్లు వెనకాల నేను వేసే లెక్క ఇది. ఒక పెన్ను, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటే మీరూ వేసుకోవచ్చు.

ముందు మీ రాష్ట్రం పన్ను తెలుసుకోండి. నేను 2025 మధ్యలో వేసిన లెక్కే చెబుతాను, మీరు చదివే రోజుకి అంకెలు మారి ఉంటే మార్చుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్‌కి 31 శాతం వ్యాట్, అంటే రాష్ట్రం వేసే అమ్మకం పన్ను. దానిపైన లీటరుకి విడిగా 4 రూపాయలు, రోడ్డు సెస్సు, అంటే రోడ్ల పేరు మీద వేసే పన్ను, ఇంకో రూపాయి. డీజిల్‌కైతే 22.25 శాతం, అవే 4, అదే 1. తెలంగాణలో పెట్రోల్‌కి 35.20 శాతం, డీజిల్‌కి 27.

అప్పుడు బిల్లు మీద మా వైపు రేటు 109 చిల్లర ఉండేది, తేలిగ్గా 109 అనుకుందాం. అందులోంచి ఆ 5 రూపాయలు తీసేయండి, 104. దాన్ని 1.31తో భాగించండి. 79 రూపాయల 39 పైసలు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. 109లో 31 శాతం తీసేసి, రాష్ట్రానికి 34 రూపాయలు పోతోందని గ్రూపుల్లో పెట్టేస్తారు. వ్యాట్ పడేది లోపలి ధర మీద, బిల్లు మీద కాదు. కాబట్టి రాష్ట్రానికి పోయేది 29 రూపాయల 61 పైసలు. హైదరాబాద్ వాళ్లు బిల్లుని నేరుగా 1.352తో భాగించుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు ఆ 79.39 లోంచి ఎక్సైజ్, అంటే కేంద్రం లీటరుకి ఇన్ని రూపాయలని వేసే పన్ను, తీయండి. 2025 ఏప్రిల్‌లో రెండు రూపాయలు పెంచాక పెట్రోల్ మీద 21.90, డీజిల్ మీద 17.80. మిగిలింది 57.49. అందులో బంకు యజమాని కమీషన్ నాలుగు రూపాయల పైచిలుకు. కరెంటు, కుర్రాళ్ల జీతాలు, నా జీతం అన్నీ అందులోంచే. మిగతా 53 రూపాయలు ఆయిల్ కంపెనీది.

ఆ 53 సబబా కాదా చూడాలంటే ముడి చమురు లెక్క కట్టాలి. ఒక బారెల్ అంటే 159 లీటర్లు. అప్పట్లో బారెల్ 70 డాలర్ల చుట్టూ, డాలర్ 86 రూపాయల చుట్టూ ఉన్నాయి. 70ని 86తో హెచ్చించి 159తో భాగిస్తే లీటరు ముడి చమురు 38 రూపాయల లోపు. 38కీ 53కీ మధ్య ఉన్నది శుద్ధి, రవాణా, కంపెనీ లాభం. రోజూ చూడక్కర్లేదు, నెలకోసారి ఈ తేడా రాసుకోండి చాలు. ముడి చమురు పడిపోయినా బిల్లు కదలకపోతే, ఆ తేడాని కంపెనీ ఉంచుకుందో ప్రభుత్వం తీసుకుందో మీకే కనిపిస్తుంది. ఢిల్లీ రేటుకి ఇదే విభజన కేంద్ర పెట్రోలియం శాఖకి చెందిన పెట్రోలియం ప్లానింగ్ అండ్ అనాలిసిస్ సెల్ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. మీ లెక్క సరిపోయిందో లేదో అక్కడ చూసుకోవచ్చు.

మొత్తం పన్ను 51 రూపాయల 51 పైసలు. బిల్లులో దాదాపు సగం.

ఇక్కడ ఆగి రెండు సంగతులు చూడాలి. మొదటిది, పన్ను మీద పన్ను. కేంద్రం వేసిన 21.90 మీద కూడా రాష్ట్రం 31 శాతం వేస్తుంది. అంటే కేంద్రం పన్ను వల్ల రాష్ట్రానికి లీటరుకి 6 రూపాయల 79 పైసలు ఊరికే వస్తున్నాయి. 2022 మే నెలలో కేంద్రం 8 రూపాయలు తగ్గిస్తే మా దగ్గర 10.48 తగ్గడానికి కారణం ఇదే. ఆ తగ్గింపు వార్త శనివారం రాత్రి వచ్చింది. ఆదివారం ఆయిల్ కంపెనీ డిపో ఉండదని బంకుల వాళ్లు శనివారమే లోడ్ దింపించుకుంటారు. పాత పన్ను కట్టి దింపుకున్న పన్నెండు వేల లీటర్లు తెల్లారి కొత్త రేటుకి అమ్మాం. నష్టం లక్షా పాతిక వేలు. రేటు తగ్గిందని జనం మాకు మిఠాయి ఇస్తుంటే మా యజమాని దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

రెండోది, కేంద్రం తీసుకునేదంతా రాష్ట్రాలకి పంచుతుందనుకోవడం. పెట్రోల్ మీద 21.90లో ప్రాథమిక ఎక్సైజ్ 1 రూపాయి 40 పైసలు మాత్రమే. మిగతాది ప్రత్యేక అదనపు ఎక్సైజ్ 13, రోడ్లు, మౌలిక వసతుల సెస్సు 5, వ్యవసాయ సెస్సు 2.50. పంపకానికి వచ్చేది ఆ 1.40 ఒక్కటే. అందులో 41 శాతం, అంటే 57 పైసలు, రాష్ట్రాలన్నిటికీ కలిపి. అప్పటికి అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. అంటే మన రాష్ట్రానికి వచ్చేది లీటరుకి రెండు పైసల పైచిలుకు. కేంద్రం తగ్గించిందిగా, మీరెందుకు తగ్గించరని రాష్ట్రాన్ని అడిగేవాళ్లూ, మొత్తం కేంద్రమే తింటోందని రాష్ట్రం తరఫున అరిచేవాళ్లూ ఇద్దరూ ఈ రెండు పైసల దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది.

ఇప్పుడు మార్కెట్‌కి వదిలేయడం సంగతి. కాగితం మీద ఎప్పుడో వదిలేశారు. పెట్రోల్‌ని 2010 జూన్‌లో. డీజిల్‌ని 2013 జనవరి నుంచి నెలకి అర్ధ రూపాయి చొప్పున పెంచుకుంటూ వచ్చి 2014 అక్టోబర్‌లో. 2017 జూన్ 16 నుంచి దేశమంతా రోజూ మారే రేటు వచ్చింది. అంతకు ముందు నెలన్నర ప్రయోగం చేసిన ఐదు ఊళ్లలో మన విశాఖపట్నం ఒకటి. ఉదయం ఆరింటికి కొత్త రేటు పడేది. నేను ఐదున్నరకల్లా వచ్చి మీటర్ రీడింగ్ రాసుకునేదాన్ని.

కానీ వదిలేశారో లేదో చెప్పాల్సింది జీవో కాదు, రేటు పట్టిక. ఇలా పరీక్షించండి. ముడి చమురు బాగా పెరిగిన కాలం ఒకటి, బాగా పడిన కాలం ఒకటి తీసుకుని, ఆ రోజుల్లో బంకు రేటు ఏం చేసిందో చూడండి. 2020లో కరోనాకి చమురు కుప్పకూలింది. మే నెలలో కేంద్రం ఒక్క దెబ్బకి పెట్రోల్ మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు ఎక్సైజ్ పెంచింది. బంకు రేటు అక్కడే ఉంది. తర్వాత 2021 దీపావళికి కొంత తగ్గించాక, ఉత్తరప్రదేశ్ లాంటి ఐదు రాష్ట్రాల ఎన్నికలు అయ్యేదాకా, నాలుగున్నర నెలలు రోజువారీ రేటు ఒక్క పైసా కదల్లేదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలై బారెల్ వంద డాలర్లు దాటినా కదల్లేదు. 2022 మార్చి 22న తాళం తీశారు. పదహారు రోజుల్లో పది రూపాయలు. ఏప్రిల్ 6 తర్వాత మళ్లీ నిద్ర. పెరిగేటప్పుడు మార్కెట్, తగ్గేటప్పుడు పన్ను, ఎన్నికలప్పుడు మౌనం. దీన్ని వదిలేయడం అనడానికి నాకు నోరు రాదు.

అలాగని ప్రభుత్వమే రేటు పెట్టే పాత పద్ధతే మేలనే వాళ్లకి మా బంకు ముందు ఆగిన ఆర్టీసీ బస్సుల కథ చెబుతాను. 2013 జనవరిలో మామూలు జనానికి ఒక డీజిల్ రేటు, ట్యాంకర్ల లెక్కన కొనే పెద్ద కొనుగోలుదార్లకి దాని కంటే లీటరుకి పది రూపాయల పైన ఇంకో రేటు పెట్టారు. ఆర్టీసీ ఏం చేసింది? డిపోలో సొంత బంకు ఉంచుకుని, బస్సుల్ని రోడ్డు మీదున్న బంకులకి పంపింది. ప్రయాణికుల్ని దించి వచ్చిన బస్సు మా నాజిల్ దగ్గర వరసలో. ఆటోలవాళ్లు వెనకాల హారన్లు. 2022 మార్చిలో పెద్ద కొనుగోలుదార్ల రేటు పాతిక రూపాయలు పెరిగినప్పుడు మళ్లీ అదే వరస. రేటుని ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బుతుంది. 2008లో రిలయన్స్ పద్నాలుగు వందల పైచిలుకు బంకులు మూసేసింది కూడా అందుకే. ప్రభుత్వ కంపెనీలకి నష్టం పూడ్చారు, ప్రైవేటు వాళ్లకి పూడ్చలేదు.

ఆ పూడ్చడం కూడా చాలాసార్లు నోట్లతో కాదు, బాండ్లతో, అంటే తర్వాత వడ్డీతో కడతామనే కాగితాలతో. 2005 నుంచి 2010 దాకా ఇచ్చిన ఆయిల్ బాండ్లు దాదాపు 1.4 లక్షల కోట్లు. చివరి వాటి గడువు 2026. ఆ బాండ్లు ఇచ్చేటప్పుడు నా కూతురు మూడో తరగతి. ఆ రోజుల్లో మేం చౌకగా కొట్టించుకున్న డీజిల్ బాకీ, పెద్దయ్యాక ఆమె జీతం లోంచి పోయింది.

సబ్సిడీ గురించి మాట్లాడేటప్పుడు ఒకే ప్రశ్న వేయండి: ఇది లీటరుకి ఇస్తున్నారా, మనిషికి ఇస్తున్నారా?

లీటరుకి ఇస్తే ఏమవుతుందో నా ముక్కుకి తెలుసు. రేషన్ కిరోసిన్‌కి నీలం రంగు కలిపేది, దొంగతనం కనిపెట్టడానికే. ఆ రంగు పోగొట్టే విద్య కూడా జనం నేర్చుకున్నారు. లారీల పొగలో కిరోసిన్ వాసన వచ్చే కాలం అది. డీజిల్‌ని రైతు పేరు చెప్పి చౌకగా ఉంచితే, 2012–13 కల్లా దేశంలో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిల్‌వే. ఆ ఏడాది అసలు ధర కంటే తక్కువకి అమ్మడం వల్ల ఆయిల్ కంపెనీలకి వచ్చిన లోటు 1.61 లక్షల కోట్లు, అందులో సగానికి పైగా డీజిల్‌దే. మా దగ్గర ఎక్కువ డీజిల్ పోయించుకున్నవాడికే ఎక్కువ సబ్సిడీ. నా మరిది బండికి రోజుకి పది లీటర్లు, పెళ్లి మంటపం జనరేటర్‌కి ఒక్క రాత్రికి అంతకు ఎన్నో రెట్లు.

మనిషికి ఇచ్చినది చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో మరబోట్ల మత్స్యకారులకి లీటరుకి 9 రూపాయల రాయితీ ఉంది, 2019 చివర్లో 6.03 నుంచి పెంచారు. ఇదీ లీటరుకేగా అంటారేమో. కానీ రిజిస్టరైన బోటుకి, కార్డు మీద, పరిమితి ఉంది. లోపాలు లేవనను. అయినా మొత్తం రాష్ట్రానికి డీజిల్ చౌక చేసి, బోటువాడికి కూడా అందుతుందిలే అనుకోవడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం. గ్యాస్ కూడా అంతే. సిలిండర్ మార్కెట్ రేటుకి కొని, రాయితీ బ్యాంకులో పడటం మొదలయ్యాక హోటళ్లకి పోయే ఇంటి సిలిండర్లు తగ్గాయని మా వీధిలో సిలిండర్లు వేసే అబ్బాయి మాట. 

ఇక తేల్చుకోవడం. కాగితం మీద మూడు గడులు గీయండి. కంపెనీ భాగం, పన్ను భాగం, సాయం. ఒక్కో గడిలో మీకు కావాల్సింది రాయండి, పక్కనే ఆ డబ్బు ఎవరి జేబులోంచి రావాలో రాయండి. రెండోది రాయలేకపోతే మొదటిది కొట్టేయండి. నా కాగితం ఇలా ఉంది. కంపెనీ భాగం ఎన్నికలున్నా లేకపోయినా రోజూ కదలాలి, పైకీ కిందకీ. పన్ను శాతంలో కాకుండా రూపాయల్లో ఉండాలి. శాతమైతే చమురు పెరిగినప్పుడల్లా రాష్ట్రానికి అడక్కుండానే ఆదాయం పెరుగుతుంది, జనం మీద దెబ్బ ఇంకా పెద్దదవుతుంది. సాయం మాత్రం బోటుకి, ఆటోకి, సిలిండర్ కొనే ఇల్లాలికి, పేరు మీద. పన్ను తీసేయమని నేను రాయలేదు. ఆ 29 రూపాయలు పోతే రాష్ట్రం వాటిని ఇంకోచోట, బహుశా నా కరెంటు బిల్లులో, వెతుక్కుంటుంది. పైగా మనం వాడే చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి కొంటున్నదే. అది మరీ చౌకగా కనిపించడం కూడా నాకు ఇష్టం లేదు.

జీఎస్టీలోకి తెస్తే అన్నీ సర్దుకుంటాయని ఎవరో ఒకరు అంటారు. లారీలవాళ్లకి డీజిల్ మీద కట్టిన పన్ను వెనక్కి వస్తుంది, అది నిజంగా మేలే. కానీ పోయిన ఆదాయాన్ని ఎవరు పూడుస్తారన్న గడి ఆ కాగితంలో కూడా ఖాళీగానే ఉంటుంది. 2021 సెప్టెంబర్‌లో లక్నోలో జీఎస్టీ కౌన్సిల్ దీన్ని చర్చించి, ఇది సమయం కాదని పక్కన పెట్టింది.

ఈ లెక్కంతా మరిదికి చెప్పాక అతను ఒకటే అడిగాడు: "అదంతా సరే వదినా, రేపు యానాం వెళ్లి బైక్‌లో కొట్టించుకు రానా?" సరే, అదీ లెక్కే. రానూపోనూ అరవై కిలోమీటర్లు. లీటరుకి యాభై ఇచ్చే బండికి 1.2 లీటర్లు, యానాం రేటుకి 116 రూపాయల దాకా. పది లీటర్ల ట్యాంకు నింపితే మిగిలేది 120. తేడా నాలుగు రూపాయలు. దారిలో తాళ్లరేవులో టీ తాగకుండా రాగలవా అన్నాను. పని మీద ఎలాగూ అటే వెళ్తుంటే నింపుకో, అందుకోసమే మాత్రం వెళ్లకు. అతను వెళ్లాడు. టీ కూడా తాగొచ్చాడు.