ఫ్లూ టీకా: ఏ నెలలో వేయించుకుంటే అక్కరకొస్తుంది?

ఫ్లూ టీకా ఏడాదికోసారి వేయించుకోవాలని చాలామందికి తెలుసు. తేడా వచ్చేది నెల దగ్గరే. డిసెంబరులో ఖాళీ దొరికిందని వేయించుకున్న టీకా ఆగస్టు ముసురుకి దాదాపు అరిగిపోయి ఉంటుంది.

సూది పడ్డాక యాంటీబాడీలు తయారవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. మొదటి ఒకటి రెండు నెలలూ రక్షణ గట్టిగా ఉంటుంది, తర్వాత నెలనెలా కరుగుతుంది. అమెరికాలో 2011-12 నుంచి 2014-15 దాకా నాలుగు సీజన్లు గమనిస్తే ఫ్లూ వైరస్‌లలో హెచ్3ఎన్2, బి అనే రకాల మీద టీకా పనితనం నెలకు సుమారు 7 శాతం పాయింట్ల చొప్పున తగ్గింది. ఐదారు నెలల దాకా మాత్రం ఎంతో కొంత మిగిలే ఉంది.

దీన్నే లెక్కలోకి తెద్దాం. టీకా వైరస్‌కి బాగా కుదిరిన ఏడాది కూడా పనితనం 40 నుంచి 60 శాతమే. 50 అనుకుంటే, వేయించుకోని వందమందిలో పదిమందికి ఫ్లూ వచ్చేచోట వేయించుకున్న వందమందిలో ఐదుగురికి వస్తుంది. మే 10న వేయించుకుంటే మే 24కి రక్షణ సిద్ధం. నెలకు 7 చొప్పున తీసేస్తే సెప్టెంబరు ఆఖరుకి 20 పైచిలుకు మిగులుతుంది. అంచనా లెక్కే అయినా, తేదీ ఎందుకు ముఖ్యమో దీంతో తెలిసిపోతుంది.

మన దేశంలో చాలాచోట్ల ఫ్లూ ఎక్కువయ్యేది వానాకాలంలో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. జనవరి-మార్చి మధ్య ఇంకోసారి తలెత్తుతుంది. అందుకే తెలుగు రాష్ట్రాల్లో ఉండేవారికి ఏప్రిల్-మే సరైన సమయం. శ్రీనగర్ లాంటి చోట్ల ఫ్లూ చలికాలంలో వస్తుంది కాబట్టి అక్కడ అక్టోబరు-నవంబరు. జూలై వచ్చేసినా వేయించుకోవచ్చు, సీజన్ ఇంకా మిగిలే ఉంటుంది. రక్షణ తగ్గిందని అదే సీజన్లో పెద్దలకు రెండో డోసు వేయమని మాత్రం సాధారణంగా సిఫారసు చేయరు.

టీకా పెట్టె కొనేటప్పుడు రెండు తేదీలు చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో టీకాలో ఏ వైరస్‌లు ఉండాలో చెబుతుంది. సాధారణంగా పెట్టె మీద 2025-26 లాగా రెండేళ్లు ఉంటే ఉత్తరానిది, ఒక్క ఏడాదే ఉంటే దక్షిణానిది. వానాకాలానికి ముందు దక్షిణార్ధగోళపు కొత్త టీకా వచ్చిందేమో అడగండి. షాపులో మిగిలిపోయిన నిరుటి సరుకైతే గడువు తేదీ దగ్గరపడి ఉంటుంది. పాత పెట్టెల మీద నాలుగు రకాలని ఉంటుంది, కొత్తవాటి మీద మూడే. ఆ నాలుగోదైన బి/యమగాట రకం వైరస్ 2020 మార్చి తర్వాత ఎక్కడా కనపడలేదు కాబట్టి దాన్ని తీసేస్తున్నారు. అది లేనందువల్ల మీకు నష్టం లేదు.

మెడికల్ షాపులో కొని ఆస్పత్రికి పట్టుకెళ్లే పరిస్థితైతే అసలు జాగ్రత్త అక్కడే. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసు ముక్కల మీద నేరుగా పెడితే గడ్డకడుతుంది. గడ్డకట్టింది కరిగాక మామూలుగానే కనిపిస్తుంది గానీ వాడకూడదు, పారేయాల్సిందే. ఐస్ ప్యాక్‌కి గుడ్డ చుట్టి, పెట్టె దానికి తగలకుండా సంచిలో పెట్టుకుని, దారిలో ఇంకే పనీ పెట్టుకోకుండా నేరుగా వెళ్లండి. ఇంట్లో ఒక రాత్రి ఉంచాల్సివస్తే ఫ్రిజ్ మధ్య అరలో పెట్టాలి. తలుపులోనూ వద్దు, డీప్ ఫ్రీజర్ కింద అసలే వద్దు.

ఆరు నెలల నుంచి తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారైతే రెండు డోసులు, మధ్య కనీసం నాలుగు వారాల ఎడం. అంటే ఏప్రిల్ మొదట్లోనే మొదలుపెట్టాలి. ఒక డోసు వేయించి ఊరుకోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు. గర్భిణులు ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. ఆరు నెలల లోపు పసిబిడ్డకు టీకా వేయరు కాబట్టి, తల్లి నుంచి వచ్చే యాంటీబాడీలే దిక్కు.

పెద్దవాళ్లలో రక్షణ తక్కువగా మొదలై, త్వరగా తగ్గుతుంది. కూతురి కాన్పుకి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు మేలో ఇక్కడ వేయించుకుంటే అక్కడి చలికాలానికి అది పలచబడిపోతుంది. అక్కడ సెప్టెంబరు-అక్టోబరులో వేస్తారు. మామూలు టీకాలో ఒక్కో వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల వైరస్ ప్రోటీన్ ఉంటే, 65 దాటినవారికి 60 ఉండే ఎక్కువ మోతాదు టీకా కూడా అక్కడ దొరుకుతుంది. దాని గురించి డాక్టరును అడగాలి.

గతంలో ఫ్లూ టీకాకి తీవ్రమైన అలర్జీ వచ్చినా, టీకా వేసిన ఆరు వారాల్లోపు గిలాన్-బారే అనే నరాల జబ్బు వచ్చినా ముందే చెప్పాలి. జ్వరం గట్టిగా ఉంటే తగ్గాక వెళ్లండి, మామూలు జలుబైతే పరవాలేదు. జబ్బ నొప్పి, ఒళ్లు వెచ్చబడటం ఒకటి రెండు రోజులుంటాయి. ఇంజెక్షన్ టీకాలో బతికున్న వైరస్ ఉండదు కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు.

వేయించుకున్నా ఫ్లూ వస్తే? ఆ ఏడాది హెచ్3ఎన్2 తిరుగుతోందేమో. దాని రూపు త్వరగా మారుతుంది, టీకా దానిమీద సగటున 33 శాతమే పనిచేసింది, హెచ్1ఎన్1 మీదైతే 61. ఉబ్బసం, షుగరు, గుండెజబ్బు ఉన్నవారు ఒళ్లు నొప్పులతో జ్వరం మొదలైన 48 గంటల్లోపు డాక్టరును కలవాలి. ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ మందు ఎంత ముందు మొదలుపెడితే అంత పనిచేస్తుంది.